చెలమ ఒడ్డున ఎండు పీత

వైశాఖ శుద్ధ తదియ, గురువారం, పొద్దు బారెడెక్కిన వేళ. వాగు ఎండిపోయి, అడవి మొత్తానికి ఒక్క చెలమలోనే నీళ్లు మిగిలాయి. ఆ వేసవికి చెలమ ఎవరిదో బండమీద చదరంగమాడి తేల్చుకోవడం అక్కడి ఆచారం. ఓడినవాళ్లు పొద్దుగూకేలోగా పిల్లాపాపలతో వాగు దాటి పోవాలి.

నల్లవైపు కూర్చున్న కుందేలు మాటిమాటికీ తన పొదవైపు చూస్తోంది. పొదలో కళ్లు తెరవని పసికూనలు నాలుగు. ఎదురుగా మూడేళ్లుగా ఓటమెరుగని నక్క.

పావులు ఎదుటివారికి ఇష్టమైన తిండితోనే చేయాలి. కొట్టినవాళ్లు అక్కడికక్కడే తినాలి. అందుకే కుందేలు ఈతపళ్లతో బంట్లు, ఎండు పీతలతో శకట్లు పెట్టింది. నక్క పావులన్నీ గరికముడులు.

నక్క ఎప్పటిలాగే మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు తోసింది. కుందేలు గుర్రం దూకింది. నక్క ఇంకో బంటును జత నిలిపింది. కుందేలు తన రాజు ముందు బంటును తెచ్చి నక్క బంటు నోటికందేలా పెట్టింది.

"ఏం కోడలా, అన్నదానమా?" అంటూ నక్క ఆ ఈతపండును కొట్టి గుటుక్కున మింగింది.

"తిను మామా, దేవుడిచ్చింది."

కుందేలుకు తనకు చదరంగం నేర్పిన తాబేలవ్వ మాట గుర్తొచ్చింది. "అవ్వా, బంటు ఉత్తినే పోతుందే!" అని వానాకాలమంతా అడిగితే, "పోనీవే. వాడు తిన్నది అరిగించుకునేలోగా నీ దండు మొత్తం గుమ్మం దాటుతుంది. ఎత్తులు వల్లెవేయకు, ఎందుకో తెలుసుకో" అనేది.

అలాగే కుందేలు గుర్రం ముందుకురికింది. ఈతపండును కొట్టిన తన బంటును కాపాడుకోడానికి నక్క శకటును, గుర్రాన్ని దింపింది. కుందేలు రెండో గుర్రం వచ్చింది, శకటు నక్క రాజుకు గురిపెట్టింది. నక్క తన రెండో గుర్రాన్ని అడ్డం పెట్టుకుంది. కుందేలు మంత్రి తన రాజు ముందుకొచ్చి నిలబడ్డాడు.

నక్క అంచు బంటుతో శకటును బెదిరించింది. కుందేలు శకటును కదపలేదు. గుర్రంతో నక్క కాపాడుకుంటున్న ఆ బంటును కొట్టి, గరికముడి నమిలింది.

"పీతను మరిచిపోయావే పిచ్చి కోడలా!"

"ఆకలైతే కానివ్వు మామా."

ఎండు పీత నక్క పళ్లకింద కరకరలాడింది. ఆ నములుడు ఆగకముందే కుందేలు గుర్రం నక్క రాజుకు గురిపెడుతూ దూకింది.

"ఆట కట్టు మామా."

"నా రాజు ముందు బంటు దాన్ని కొడుతుందిగా!"

బండ పక్కనుంచి తాబేలవ్వ మెడ చాచింది. "ఆ బంటు పక్కకు జరిగితే కుందేలు మంత్రి చూపు నేరుగా నీ రాజు మీదే నాయనా. పారిపోదామన్నా చుట్టూ నీవాళ్లే అడ్డం."

నక్క తోక వాలిపోయింది. ఆలినీ, ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకుని వాగు దాటిపోయింది. ఆ పిల్లల్లో చిన్నది వెనక్కి తిరిగి చెలమనే చూస్తుంటే కుందేలు కళ్లు చెమర్చాయి.

మర్నాడు తెల్లవారగానే కుందేలు సూర్యుడికి దండం పెట్టుకుని, మొదటి నీళ్లు మోదుగాకు దొప్పల్లో నింపింది. "ఓడినవాళ్లకా?" అన్నాడు మగడు. "ఆచారం వాళ్లను పొమ్మంది గానీ, నీళ్లివ్వద్దనలేదు కదా" అంది. ఇద్దరూ చెరో రెండు దొప్పలు పట్టుకుని వాగు దాటారు.

ఎదుటివాడు పెట్టిన ముద్ద నోట పెట్టుకునే ముందు, మన రాజు ఎక్కడున్నాడో చూసుకోవాలి.