తవుడమ్మ విప్పని జడ

ఇలా దగ్గరికి జరుగు. తల దిండు మీద పెట్టుకో. జుట్టు పైకి తీసి వేసుకో పండూ, లేకపోతే వీపు కింద నలిగి పొద్దున్నే మళ్ళీ చిక్కు, మళ్ళీ ఏడుపు. ఆఁ, అలాగ. ఇప్పుడు ఊఁ కొడుతూ విను.

అనగనగా సముద్రాన్ని ఆనుకుని ఒక ఊరు. ఆ ఊళ్ళో మళ్ళలో వరి పండదు, ఉప్పు పండుతుంది. మళ్ళలోకి సముద్రం నీళ్ళు పెట్టి వదిలేస్తే, ఎండకి నీళ్ళు ఆవిరైపోయి తెల్లగా ఉప్పు తేలుతుంది. అక్కడ గాలిలో ఉప్పే, నూతినీళ్ళలో ఉప్పే. ఉతికి ఆరేసిన బట్టలు కూడా అప్పడాల్లాగా పెళుసెక్కిపోయేవి.

ఆ ఊళ్ళో దాలయ్య అని ఒకాయన. ఆయన భార్య లచ్చుమమ్మ. వాళ్ళకో కూతురు, పేరు తవుడమ్మ.

నవ్వకు! ఆ పిల్లకి ముందు పుట్టిన పిల్లలు దక్కలేదట. అందుకని ఈ పిల్ల పుట్టగానే పక్కింటావిడకి చేటెడు తవుడుకి అమ్మేసి, మళ్ళీ కొనుక్కున్నారు. అలా చేస్తే దిష్టి తగలదని వాళ్ళ నమ్మకం. పేరు తవుడమ్మే గానీ ఇంట్లో బంగారంలాగా పెరిగింది.

తవుడమ్మకి ఒత్తైన జుట్టు. రోజూ పొద్దున్నే వాళ్ళమ్మ గడప దగ్గర కూర్చోబెట్టుకుని, నూనె రాసి, దువ్వి, నున్నగా జడ వేసేది. జడ కొసన నీలం రిబ్బను కట్టేది. ఆ పిల్లకి అమ్మ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి తెలియదు.

అలా ఉండగా లచ్చుమమ్మకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరం కాదు, టైఫాయిడ్ జ్వరం. ఊళ్ళో మందులకి తగ్గలేదు. పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలన్నారు. దాలయ్య బండి మాట్లాడుకొచ్చాడు.

బయల్దేరే ముందు లచ్చుమమ్మ, ఒళ్ళు కాలిపోతున్నా సరే, గడప దగ్గర కూర్చుని కూతురికి జడ వేసింది. వేసి, బుగ్గ నిమిరి, "నేనొచ్చేదాకా జాగ్రత్తమ్మా" అంది. బండి వెళ్ళిపోయింది.

అప్పుడు తవుడమ్మని చూసుకునేందుకు సూరమ్మ పిన్ని వచ్చింది. సూరమ్మ లచ్చుమమ్మకి సొంత చెల్లెలు. కాలవ పక్క ఊరు ఆవిడది. మంచి మనిషి, కాకపోతే కాస్త తొందర మనిషి. ఏ పనైనా చిటికెలో అయిపోవాలి ఆవిడకి.

"రావే తల్లీ, జడ విప్పి దువ్వుతాను" అంది వచ్చిన మర్నాడే.

"నాకొద్దు" అంది తవుడమ్మ. జడ రెండు చేతులతో పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది.

రేపు చూద్దాంలే అనుకుంది పిన్ని. రేపు కూడా పరిగెత్తింది. ఎల్లుండి కూడా పరిగెత్తింది. ఆ జడతోనే పడుకుంది, ఆ జడతోనే ఆడింది, ఆ జడతోనే ఉప్పుమళ్ళ గట్ల మీద తిరిగింది. గాలికి జడంతా ఉప్పు పట్టింది, దుమ్ము పట్టింది. చూస్తూ చూస్తూ ఉండగానే జడ కాస్తా ముద్దలాగా అయిపోయింది. పాయలు కనపడవు. రిబ్బను ఎక్కడుందో తెలియదు. మెడ వెనకాల పిచ్చుకగూడు వేలాడుతున్నట్టు ఉండేది.

అప్పుడు దాలయ్య ఆసుపత్రి నుంచి ఒకసారి ఇంటికొచ్చాడు. కూతుర్ని చూసి గుండె బాదుకున్నాడు.

"ఇదేటి సూరమ్మా, పిల్ల తల ఇలాగైపోయింది?"

"ముట్టుకోనివ్వట్లేదు బావా, నన్నేం చెయ్యమంటావు?"

"ఇంక ఇది దువ్వెనకి లొంగేలా లేదు. నేను మళ్ళీ వచ్చేసరికి ఇలాగే ఉంటే మెడదాకా కత్తిరించేస్తాను. పేలు పడితే పిల్ల పాడైపోతుంది" అన్నాడు దాలయ్య. కోపంతో కాదులే, భయంతో అన్నాడు. ఇంట్లో ఒకరు మంచం పట్టి ఉంటే మనిషికి అన్నిటికీ భయమే.

తవుడమ్మ ఆ మాట విని తలుపు వెనకాల నిలబడిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

దాలయ్య మళ్ళీ పట్నం వెళ్ళాడు. ఆ తర్వాత సూరమ్మ నడుం కట్టింది. కత్తెర పడకుండా పిల్ల జుట్టు కాపాడాలి కదా.

మొదట ఏం చేసిందీ? కుంకుడుకాయలు కొట్టి, వేణ్ణీళ్ళలో పిసికి, బోలెడంత నురగ తీసింది. తవుడమ్మని బతిమాలి కూర్చోబెట్టి, ఆ రసం పోసి, బట్టలు ఉతికినట్టు బరబరా రుద్దింది. నూతినీళ్ళు గుమ్మరించింది. మురికి పోయింది, నిజమే. కానీ ఉన్న కాస్త నూనె కూడా దాంతో పోయింది. ఆరేసరికి జుట్టు కొబ్బరిపీచులాగా బిరుసెక్కి, ముడి ఇంకా బిగుసుకుపోయింది.

రెండోసారి ఏం చేసిందీ? దువ్వెన తీసుకుని, ఆ ఎండిన జుట్టుని పైనుంచి కిందికి ఒక్క లాగు లాగింది. దువ్వెన పళ్ళు పటపటా విరిగాయి. తవుడమ్మ కెవ్వుమంది. ఏడుస్తూ వెళ్ళి ఉప్పు బస్తాల వెనకాల దాక్కుంది.

సూరమ్మ విరిగిన దువ్వెన చూసుకుని తనూ కూర్చుని ఏడ్చింది. "అక్క నన్ను నమ్మి పిల్లని అప్పజెప్పింది. నా తొందర పాడుగాను" అనుకుంది.

ఏడిస్తే పొయ్యి వెలుగుతుందా? పిల్లకి ఆకలేస్తుంది. మెంతి అట్లు పోద్దామని, నానబెట్టిన మెంతులు రోట్లో వేసి రుబ్బడం మొదలెట్టింది. ఆ ఊరొచ్చాక ఉప్పునీళ్ళకి ఆవిడ చేతులు బీటలు వారిపోయాయి. మంట మంట. అలాంటిది, మెంతిపిండి రుబ్బి చేతులు కడుక్కుంటే ఏముందీ! అరచేతులు వెన్నముద్దలాగా జారిపోతున్నాయి. ఇటు రాసి చూసుకుంది, అటు రాసి చూసుకుంది. బిరుసు లేదు, మంట లేదు.

అప్పుడు సూరమ్మకి అనిపించింది: "చేతికి పనికొచ్చింది జుట్టుకి పనికిరాదా? నేను ఇన్నాళ్ళూ మురికి పోగొడదామనే చూశాను గానీ, ఆ జుట్టుకి దాహం వేస్తోందని చూడలేదు."

ఆ ఉప్పునేలలో కూడా మొండిగా బతికిన మందార చెట్టొకటి పెరట్లో ఉంది. సూరమ్మ దాని ఆకులు కోసి, మెంతులతో కలిపి మెత్తగా రుబ్బింది. ముద్ద జిగురు జిగురుగా, ఆకుపచ్చగా, బెండకాయ జిగురులాగా సాగింది. చూరు కింద పట్టిన వాననీళ్ళు బిందెలో ఉంటే అవి పక్కన పెట్టుకుంది. అవి ఉప్పులేని నీళ్ళు కదా.

ఆ తర్వాత ఉప్పు బస్తాల దగ్గరికి వెళ్ళి నేలమీద చతికిలబడింది.

"తవుడమ్మా, నేను జడ విప్పనే. దువ్వెన కూడా తేలేదు, చూడు, ఉత్త చేతులు. జుట్టుకి ఇది రాస్తాను, అంతే. నువ్వు చాలంటే ఆపేస్తాను."

"నిజంగా?"

"అమ్మ తోడు."

తవుడమ్మ బయటికొచ్చింది. గడప దగ్గర కూర్చుంది. కొస మాత్రం గుప్పిట్లోనే ఉంచుకుంది.

సూరమ్మ ఈసారి తొందరపడలేదు. ముందు వాననీళ్ళతో జుట్టు తడిపింది. తర్వాత ముద్ద తీసుకుని, మాడుకి కాదు, జుట్టు పొడవునా పట్టించింది. ముడి మీద ఇంకాస్త ఎక్కువ పెట్టింది. రుద్దలేదు, పాపాయి వీపు నిమిరినట్టు నిమిరిందంతే. ఆ తర్వాత తువ్వాలు వేణ్ణీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, తలకి చుట్టింది. చల్లారితే మళ్ళీ ముంచి మళ్ళీ చుట్టింది. వెచ్చదనానికి ఆ జిగురు జుట్టులోకి ఇంకుతుందని.

ఏమన్నావ్? అమ్మ నీకు రాసే సీసాలోది కూడా ఇలాంటిదేనా అనా? ఇలాంటిదే. ఇప్పుడు రోళ్ళెవరికున్నాయి, సీసాల్లో వస్తోంది, కండిషనర్ అంటున్నారు. షాంపూ పెట్టి మురికి వదిలించాక, జుట్టు మెత్తబడ్డానికి అది. జుట్టు కొసలకి రాసి, కాసేపు ఉంచి, కడిగెయ్యాలి. ఎప్పుడైనా జుట్టు బాగా ఎండిపోతే, సూరమ్మలాగా ఎక్కువసేపు ఉంచి వెచ్చటి తువ్వాలు చుట్టాలి. నువ్వేమో రాయగానే "అయిపోయిందా, అయిపోయిందా" అని గెంతుతావు. గెంతితే ఇంకదు మరి.

సరే, ఎక్కడున్నాం? తవుడమ్మ తలకి తువ్వాలు చుట్టి ఇద్దరూ కూర్చున్నారు. ఇంక చేసే పనేం లేదు, ఊరికే కూర్చోవాలంతే. తువ్వాలు చల్లారేలోపు పిన్ని పోసి తెచ్చిన మెంతి అట్ల వాసన. బయట సముద్రం హోరు. తల వెచ్చగా ఉండేసరికి తవుడమ్మ పిన్ని ఒళ్ళోకి ఒరిగింది.

"పిన్నీ, అమ్మ జాగ్రత్త అని చెప్పింది" అంది మెల్లిగా.

"అవునమ్మా. దేనికి?"

"జడకి. అమ్మ వేసిన జడ ఇది. ఇది విప్పితే ఇంక అమ్మ వేసింది ఉండదు కదా. అమ్మ వచ్చి అడిగితే ఏం చెప్పను?"

సూరమ్మ ఆ పిల్లని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. ఇన్నాళ్ళూ పిల్ల మొండిదనుకుంది. పిల్ల వాళ్ళమ్మ మాట కాస్తూ కూర్చుందని ఆవిడకేం తెలుసు?

"పిచ్చితల్లీ, అమ్మ జాగ్రత్త చెప్పింది జడకి కాదే, నీకు. నువ్వు అన్నం తినకుండా, నొప్పితో ఏడుస్తూ ఉంటే, జడ ఉండి అమ్మకేం సంతోషం?"

తవుడమ్మ అట్ల పళ్ళెం దగ్గరికి లాక్కుంది. అట్టు ముక్కలు తింది. తిన్నాక గుప్పిట విప్పి చూసుకుంది. కొసన జుట్టు మెత్తగా, తడిగా, వేళ్ళ మధ్య నుంచి జారిపోతోంది.

"నేనే విప్పుతాను" అంది.

అప్పుడు ఆ పిల్ల కొస నుంచి మొదలెట్టింది. కింద కాస్త విడదీసింది, తర్వాత దాని పైన కాస్త. ఆ పైది అందనప్పుడు పిన్ని చెయ్యి వేసింది. లాగకుండా, తెంపకుండా, ఇద్దరూ వేళ్ళతోనే విడదీశారు. బిగుసుకుంటే ముద్ద పెట్టారు, ఆరితే నీళ్ళు చల్లారు. మధ్యాహ్నం ఎండ వాకిట్లోంచి గోడ మీదికి ఎక్కేసరికి లోపల్నించి నీలం రిబ్బను బయటపడింది. ఉప్పుకి వెలిసిపోయి తెల్లగా అయిపోయింది. తవుడమ్మ దాన్ని చూసి నవ్వింది, మళ్ళీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, మళ్ళీ నవ్వింది.

ఒక్క చిక్కు మాత్రం ఎంత చేసినా రాలేదు. చెవి వెనకాల, రేగుకాయంత. సాయంత్రం దాలయ్య వచ్చేసరికి ఇద్దరూ ఇంకా దానితోనే అవస్థ పడుతున్నారు. మిగతా జుట్టంతా వీపు మీద పరుచుకుని నిగనిగలాడుతుంటే ఆయన చేతిసంచీ కింద పెట్టడం కూడా మర్చిపోయాడు.

"నాన్నా, కత్తెర తే" అంది తవుడమ్మ. "ఇదొక్కటీ కత్తిరించెయ్. ఇది రాదు."

దాలయ్య కత్తెర తెచ్చాడు. ఆ ఒక్కటీ కత్తిరించాడు. తర్వాత సూరమ్మ వాననీళ్ళు పోసి, ముద్ద నలుసు కూడా లేకుండా జుట్టు కడిగి, సాంబ్రాణి పొగ వేసి ఆరబెట్టింది. ఆ పిల్ల ఎన్నాళ్ళకో ఆ పూట వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోయింది.

అప్పుడు దాలయ్య వంటింట్లోకి వచ్చి మంచి కబురు చెప్పాడు. "జ్వరం దిగిపోయింది సూరమ్మా. వచ్చే వారం పంపించేస్తామన్నారు."

లచ్చుమమ్మ వచ్చింది. బండి దిగుతుంటే చూస్తే మనిషి సగం అయిపోయి ఉంది. తలకి కొంగు బిగించి చుట్టుకుంది. తవుడమ్మ పరిగెత్తుకెళ్ళి కాళ్ళు వాటేసుకుంది. లచ్చుమమ్మ కూతురి జుట్టంతా తడిమి తడిమి చూసుకుంది.

"ఎంత మెత్తగా ఉందే! ఎవరు చేశారు?"

"నేనూ పిన్నీ. నీ జడేదమ్మా?"

లచ్చుమమ్మ కొంగు ఇంకాస్త ముందుకి లాక్కుంది. "జ్వరానికి సగం ఊడిపోయి, సగం తెగిపోయిందమ్మా. ఉన్నదేదో పీచు. చూస్తే భయపడతావు" అంది, తల వంచుకుని.

 తవుడమ్మ లోపలికెళ్ళి పీట తెచ్చి గడప దగ్గర వేసింది. అమ్మని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. వెనకాల నిలబడి, కొంగు మెల్లిగా తీసింది. పల్చటి జుట్టు, మెడదాకానే ఉంది, ఎండుగడ్డిలాగా. తవుడమ్మ దాని మీద పిట్టని ముట్టుకున్నట్టు చెయ్యి వేసింది.

"పిన్నీ, మెంతులు నానబెట్టు" అని కేకేసింది. తర్వాత అమ్మ చెవిలో అంది, "నేను లాగనమ్మా. నువ్వు చాలంటే ఆపేస్తాను."

లచ్చుమమ్మ కళ్ళు మూసుకుని తల కూతురి పొట్టకి ఆనించింది.

మెంతుల ముద్ద మెత్తగా పట్టె,
మొండి చిక్కులన్నీ మూట కట్టె,
కథ వెళ్ళి కంచిలో కాలు పెట్టె,
మా పండు కళ్ళకి నిద్దర పట్టె.