గుండును గుర్తుపట్టని ఫోను

ఎవరైనా ప్రశ్న అడిగితే మా గురువు వరదయ్యగారు వెంటనే జవాబు చెప్పరు. "చూద్దాం" అంటారు. ఆ చూడటానికి ఒక్కోసారి నెలలు పడుతుంది, ఈలోపు అడిగినవాడు అడిగిన సంగతే మరిచిపోతాడు. ఫణిభూషణం విషయంలో మాత్రం ఒక్క పూటే పట్టింది. అలాంటి పూట పగవాడికి కూడా వద్దు.

ఫణి మా ఆశ్రమానికి ఆదివారాలు వచ్చే శిష్యుడు. మిగిలిన రోజుల్లో కొత్త ఫోన్ల మంచిచెడ్డలు వీడియోల్లో చెప్పి బతుకుతాడు. అతను బాగుందంటే కొనేవాళ్లు చాలామందే ఉన్నారు, ఆ సంగతి అతనికీ బాగానే తెలుసు. ఆ రోజు ఉదయం కొండ మీద గుడి మెట్ల మీద కూర్చున్నాం. జేబులోంచి తళతళలాడే కొత్త ఫోను తీసి గురువుగారి చేతిలో పెట్టాడు.

"గురువుగారూ, ఫోన్లు నెలకొకటి వస్తున్నాయి, వచ్చినవి వచ్చినట్టే మూలపడుతున్నాయి. ఇది మాత్రం జనం చేతుల్లో ఏళ్లతరబడి ఉండిపోతుందని నా నమ్మకం. ఎందుకో మాటల్లో పెట్టలేకపోతున్నాను. ఎంత అందంగా ఉందో చూడండి. పైగా నా ముఖం చూస్తే చాలు, తెరుచుకుంటుంది. అందుకేనంటారా?"

"చూద్దాం," అని ఫోను తిరిగి ఇచ్చేశారాయన.

మేం అక్కడికి వచ్చింది మొక్కు తీర్చడానికి. పాపకు వచ్చిన జ్వరం తగ్గితే తలనీలాలు ఇస్తామని ఫణి భార్య హైమ మొక్కుకుంది. మొక్కు ఆవిడది, తల ఇతనిది. నాలుగేళ్ల కుందనను మా ఇద్దరి దగ్గర కూర్చోబెట్టి, హైమ స్నానాల గదుల దగ్గర వరుసలో నిలబడింది. ఫణి కేశఖండనశాలలోకి వెళ్లాడు. గురువుగారికి ఫోను లేదు, నాది కొండ కింద గదిలో వదిలేశాను.

కాసేపటికి బయటికొచ్చిన మనిషిని నేనే పోల్చుకోలేదు. జుట్టు లేదు, గడ్డం లేదు, మీసం లేదు, కళ్లజోడు కూడా లేదు. నున్నటి గుండు నిండా పచ్చటి గంధం. నవ్వుతూ వచ్చి పాపను ఎత్తుకున్నాడు. కుందన కెవ్వుమంది. తన్నుకుని, కిందికి జారి, "నాన్నా" అని ఏడుస్తూ నా వెనక దాక్కుంది.

ఏ తండ్రయినా అక్కడే కూర్చుని పిల్లను మాటల్లో పెడతాడు. ఇతను ఫోను తీశాడు. "ఉండండి, ఈ ఏడుపు వీడియో తీస్తాను, పెద్దయ్యాక చూపిద్దాం" అంటూ పాప ముఖం మీదికి వంగాడు. ముక్కూమొహం తెలియని గుండు మనిషి చేతిలో ఏదో పట్టుకుని అలా మీదికొస్తుంటే పసిపిల్ల ఏం చేస్తుంది? నాన్నను వెతుక్కుంటూ జనంలోకి పరుగెత్తింది. మేం ఇంకా నవ్వుతూనే ఉన్నాం. నవ్వు ఆపి లేచేసరికి పాప లేదు.

వెతకడం మొదలుపెట్టాం. ఎటు చూసినా గుండ్లే, గంధం పూసిన గుండ్లే. వాటికి అవతల బస్సులు దిగే రోడ్డు. ఎదురైన వాలంటీరు "పాప ఫోటో చూపించండి, అందరికీ పంపుతాం" అన్నాడు. ఫణి ఫోనును ముఖానికి ఎదురుగా పెట్టుకున్నాడు. తెరుచుకోలేదు. కళ్లజోడు పెట్టుకుని చూపించాడు, గంధం తుడుచుకుని చూపించాడు. ముఖం సరిపోలలేదంది, అంకెలు కొట్టమంది. ముందురోజే పెట్టుకున్న అంకెలు, ఆ కంగారులో ఒక్కటీ గుర్తుకు రాలేదు. తప్పు మీద తప్పు కొట్టేసరికి కాసేపు ఆగమని చెప్పి ఊరుకుంది. పాప ఫోటోలూ హైమ నంబరూ అన్నీ అందులోనే ఉన్నాయి. "నేనే, నేనే" అని అతను ఆ ఫోనును బతిమాలుతున్నాడు.

వరదయ్యగారు అతని రెక్క పట్టుకుని మైకు గదికి లాక్కెళ్లారు. అక్కడి ఉద్యోగి పాప పేరు, వయసు, గౌను రంగు చదివాడు. ఎవరూ రాలేదు. రెండోసారి చదవబోతుంటే గురువుగారు మైకును ఫణి వైపు తిప్పించారు.

"పాపకు అన్నం పెట్టేటప్పుడు ఏమంటావు?"

"ఇప్పుడదెందుకండీ..."

"అదే అను."

ఫణి మైకు దగ్గరికి వంగాడు. "ఏనుగు ముద్ద వస్తోందమ్మా... తలుపు తియ్యాలి... పెద్ద తలుపు తియ్యాలి..." కొండంతా వినపడింది. క్యూలో జనం నవ్వారు కూడా. అతను సిగ్గు విడిచి అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు, ఏడుస్తూ అన్నాడు.

గాజులమ్మే ఆవిడ ఒకామె పాపను చంకనేసుకుని వచ్చింది. "మా బండి కిందకి దూరిపోయిందండి. ఎంత బతిమాలినా రాలేదు. మైకులో ఏనుగనేసరికి మా నాన్న, మా నాన్న అంటా బయటికొచ్చేసిందండి."

కుందన ఫణిని చూసింది. చూడగానే మళ్లీ ముఖం తిప్పేసుకుని ఆవిడ భుజంలో దాచుకుంది. అంత దగ్గర నిలబడి కూడా కన్నతండ్రికి చేయి చాచే ధైర్యం లేకపోయింది.

"ఏనుగు ముద్దమ్మా," అన్నాడు చిన్నగా.

పాప కళ్లు గట్టిగా మూసుకుంది. ఇటు తిరిగింది. నోరు తెరిచింది.

అతను పాపను అందుకుని అక్కడే నేల మీద కూలబడ్డాడు. హైమ రావడం, తిట్టడం, ఏడవడం తరవాత జరిగాయి. అందరం కాస్త స్థిమితపడ్డాక, ఫణి ఫోను సంగతి ఎత్తలేక గురువుగారి వైపు ఊరికే చూశాడు.

"అది నిలుస్తుందో లేదో నేనెరగను నాయనా," అన్నారు వరదయ్యగారు. "నీ పిల్ల మాత్రం నిన్ను పోల్చుకోవడానికి కళ్లు మూసుకుంది. చూశావుగా."