మల్లెపూల కట్టు

కూర్మదాసు గారిని ఏదైనా అడిగితే జవాబు వెంటనే రాదు. ముందు చేతికి ఒక పని వస్తుంది. మోక్షం గురించి అడిగినవాడు పశువుల పాక ఊడ్చాడు. మాయ గురించి అడిగినవాడు రెండు రోజులు కట్టెలు కొట్టాడు. వంశధార ఒడ్డున నాలుగు తాటాకు పాకలున్న ఆశ్రమం అది. ప్రశ్నలకు లోటు లేదు కాబట్టే ఇక్కడ పనులు ఆగడం లేదని శిష్యులు తమలో తాము నవ్వుకునేవారు.

దాలినాయుడికి మాత్రం నవ్వు వచ్చేది కాదు. అతను ఒకప్పుడు బడిపంతులు. లెక్కంటూ ఇచ్చాక దానికి జవాబు ఉండి తీరాలనే మనిషి. రెండేళ్ల కిందట పురిటికని పుట్టింటికి వెళ్ళిన అతని భార్య చిన్నమ్మి, ఆడపిల్లను కని ఆ సాయంత్రమే కన్నుమూసింది. కర్మకాండ ముగియగానే పసిగుడ్డును అత్తగారి ఒళ్ళో వదిలేసి ఇటు వచ్చేశాడు. ఆ బిడ్డ ముఖం చూస్తే చిన్నమ్మి చావే కనిపించేది. చూడలేకపోయాడు, అంతే. అత్తగారు రెండుసార్లు కబురు పెట్టింది. పిల్ల నడుస్తోందని ఒకసారి, తనకు చూపు ఆనడం లేదని ఇంకోసారి. అతను దేనికీ బదులు పంపలేదు.

ఆ వేసవిలో ఒక ఉదయం గురువు ఎదుట నిలబడి తేల్చి అడిగాడు. "చిన్నమ్మి ఏం పాపం చేసిందని పోయింది? ఈ బాధకి అర్థమంటూ ఉంటే చెప్పండి. లేదంటే నేను కాశీ వెళ్ళిపోతాను. ఇక ఇటువైపు తిరిగి చూడను."

కూర్మదాసు గారు ఒక్క వారం ఉండమన్నారు. ఈలోగా రోజూ తెల్లవారగానే తోటలో మల్లెపూలు కొయ్యమన్నారు. రెండేళ్ళు ఆగినవాడికి వారం ఎంతలే అనుకుంటూ దాలినాయుడు మూతి ముడుచుకునే బుట్ట అందుకున్నాడు.

రెండో రోజు పక్క ఊరి నుంచి అసిరమ్మ అనే కూలిమనిషి వచ్చింది. పాతికేళ్ళు కూడా ఉండవు. జ్వరంతో కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. రవిక ముందు భాగమంతా తడిసిపోయింది, కొంగు ఎంత కప్పుకున్నా దాగడం లేదు. ఐదు రోజుల కిందట ఆమె కొడుకు పోయాడు. మూడు నెలలవాడు. బిడ్డ పోయాడని పాలకు తెలియదు కదా, అవి వస్తూనే ఉన్నాయి. రొమ్ములు గట్టిపడి పోటు పెడుతున్నాయి. మల్లెపూలు దట్టంగా పరిచి గుడ్డతో బిగించి కడితే పాలు ఇంకిపోతాయని ఆ వైపు ఆడవాళ్ళ వైద్యం. ఆ పూల కోసమే నడిచి వచ్చింది.

పూజకని కోసినవన్నీ ఆమె ఒళ్ళో పోసెయ్యమన్నారు గురువుగారు. కట్టు మార్చుకోవాలి కాబట్టి రోజూ వచ్చి పట్టుకెళ్ళమని కూడా చెప్పారు. పూలు పోస్తూ పోస్తూ దాలినాయుడు ఉండబట్టలేకపోయాడు. దేవుడు ఇలా ఎందుకు చేశాడని నువ్వెప్పుడూ అడగలేదా అని ఆమెను అడిగేశాడు. తనలాంటి మనిషి ఇంకొకరు దొరికారన్న ఆశ అతనిది, పాపం.

"అడిగినాను బాబూ," అంది అసిరమ్మ. "ఎవులూ పలకలేదు."

మర్నాడూ, ఆ మర్నాడూ వచ్చింది. తరవాతి రోజు రాలేదు. దాలినాయుడు బుట్ట నిండా కోసి పెట్టి, ఎండలో నిలబడి దారి చూశాడు. జ్వరం ఎక్కువైందేమో, పడిపోయిందేమో అని బెంగపడ్డాడు. తన దుఃఖం కాక ఇంకొకరి గురించి అతను బెంగపడి రెండేళ్ళయింది. పూలు బుట్టలోనే వాడిపోయాయి.

ఆ మర్నాడు పొద్దెక్కాక వచ్చింది. చేతుల్లో గుడ్డలో చుట్టిన పసిపిల్ల ఉంది. అతను బుట్ట ముందుకు జరిపితే, ఇక పూలు వద్దని, ఆ మాట చెప్పిపోదామనే వచ్చానని అంది. జాలరిపేటలో ఒక బాలింత విషజ్వరంతో తెలివి లేకుండా పడి ఉందట. పిల్లకు ఇంకా నెల నిండలేదు. మేకపాలు పోస్తే కక్కేస్తోందట. దాని అమ్మమ్మ ఎత్తుకొచ్చి వాకిట్లో కూలబడితే, అసిరమ్మ మొదట తలుపు వేసేసుకుంది. లోపల కూర్చుని చెవులు మూసుకుంది. పిల్ల ఏడుపు ఆగలేదు. చివరికి తలుపు తీసి, కట్టు విప్పి, ముఖం పక్కకు తిప్పుకుని పాలిచ్చింది.

దాలినాయుడు బుట్ట పక్కన పెట్టాడు. పంతులు పంతులే, అడగవలసింది అడిగాడు. అలా ఇచ్చాక ఆమె దుఃఖం కాస్తయినా తగ్గిందా అని.

"తగ్గలేదు బాబూ. ఇది నోరెట్టినప్పుడల్లా నా కొడుకే గురుతొస్తాడు," అంది పిల్ల తల సర్దుతూ. "అలాగని దీని ఆకలి ఆగుతాదేటి?"

ఎండ ముదరకముందే ఇల్లు చేరాలని ఆమె వెళ్ళిపోయింది. అరుగు మీద కూర్చుని అంతా వింటున్న కూర్మదాసు గారు అప్పుడు నెమ్మదిగా నోరు విప్పారు.

"నీ కూతురు ఎవరి పాలు తాగి బతికింది, నాయుడూ?"

దాలినాయుడు ఆ రోజులు గుర్తు చేసుకున్నాడు. అత్తగారు ముసలిది. ఆ ఇంట్లో పాడి కూడా లేదు. కర్మ ముగిసేదాకా ఆ ఇంట్లో అతను గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. రోజూ పొద్దునా సాయంత్రం వాకిట్లో ఎవరో ఆడమనిషి గొంతు వినిపించేది. కాసేపటికి పక్కగదిలో పిల్ల ఏడుపు ఆగేది. ఆగినందుకు ప్రాణానికి హాయిగా ఉండేదే తప్ప, వచ్చినదెవరో తల తిప్పి చూడాలని అతనికి తోచలేదు. ఇప్పుడు అది తలచుకుని సిగ్గుతోనూ జాలితోనూ అరుగు కింద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. గురువుగారు ఓదార్చలేదు, లేచి వెళ్ళనూ లేదు.

చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, బయలుదేరతానన్నాడు. కాశీకి కాదని ఇద్దరికీ తెలుసు. అయినా గుమ్మం దగ్గర ఆగి, మరి తన ప్రశ్న సంగతేమిటని అడిగాడు.

"ముందు వెళ్ళి నీ బిడ్డకు పాలిచ్చిన ఆ తల్లి పేరు కనుక్కో," అన్నారు కూర్మదాసు గారు. "ఆ ప్రశ్న ఆవిడ దగ్గర కూడా ఉండే ఉంటుంది."