ఓడ దిగడానికో రాయి

కోనసీమలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే గుత్తులవారు అందరికంటే ముందు చెయ్యెత్తుతారు. అడక్కపోయినా ఎత్తుతారు. తల్లి పల్లాలమ్మ, పెద్దకొడుకు గన్నియ్య, చిన్నకొడుకు నూకరాజు. ముగ్గురిదీ ఒకటే సిద్ధాంతం: చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడు, సొంత బుర్ర వాడేవాడు ఒట్టి తొందరపాటు మనిషి. అందుకే వాళ్ళ బుర్రలు ఇప్పటికీ కొత్తవి కొత్తగానే ఉన్నాయి.

ఒకసారి పక్కింటాయన పెళ్ళికి వెళ్తూ, "కాస్త మా ఇల్లు చూస్తూ ఉండండి" అన్నాడు. అంతే, ముగ్గురూ అరుగుమీద కూర్చుని రెప్ప వెయ్యకుండా ఆ ఇంటినే చూశారు. దొంగ వచ్చి దొడ్లో గేదెను విప్పి, వాళ్ళ ముందునుంచే తోలుకుపోయాడు. పక్కింటాయన వచ్చి లబోదిబోమంటే గన్నియ్యకు ఒళ్ళు మండింది. "ఇల్లు చూడమన్నారు, చూశాం. మీ ఇల్లు ఎక్కడికైనా పోయిందా? చూసుకోండి!"

ఇలాంటి వాళ్ళకి అదృష్టం పట్టింది. కొబ్బరికాయల షావుకారు చీటీలు వేస్తే వీళ్ళ పేరొచ్చింది. బహుమతి ఓడ ప్రయాణం! విశాఖలో ఎక్కించుకుని, దీవులన్నీ చూపించి, మళ్ళీ విశాఖలోనే దింపే విహారపు ఓడ.

దారిలో ఆ ఓడ ఆగే రేవుల్లో ఒకటి పల్లాలమ్మ కూతురు మాణిక్యం కాపురముంటున్న ఊరు. అల్లుడు అక్కడే రేవులో పని చేస్తాడు. మాణిక్యానికి ఈమధ్యే ఆడపిల్ల పుట్టింది. మధ్యలో సముద్రం అడ్డొచ్చి, మనవరాలిని పల్లాలమ్మ చూడనేలేదు. మాణిక్యం ఫోనులో చూపించబోతే, "పసిబిడ్డను ఒట్టి చేతులతో చూడకూడదే!" అని ఫోను బోర్లా పెట్టేసింది. పిల్ల ఏడుపు మాత్రం విని, తనూ ఏడ్చింది. తర్వాత వెండి గజ్జెలు చేయించి కొంగున ముడేసుకుంది. ఆ ముడి తడుముకుంటూనే ఓడెక్కింది.

ఓ పొద్దున ఆ రేవు వచ్చింది. మైకులో చెప్పారు: "ఓడ ఇక్కడ రెండు గంటలే ఉంటుంది. దిగాలా వద్దా అన్నది బాగా ఆలోచించుకుని దిగండి. సైరన్ మోగగానే ఓడలో ఉండాలి. ఓడ ఎవరికోసమూ ఆగదు."

పల్లాలమ్మ ఓడ అంచున కమ్మీల దగ్గరికి పరుగెత్తింది. కింద రేవులో మాణిక్యం! చేతుల్లో గుడ్డల మూట, ఆ మూటలో మనవరాలు! పల్లాలమ్మ చప్పున కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "పదండ్రా, దిగుదాం" అంది.

"ఆగమ్మా. ఆలోచించుకుని దిగమన్నారు" అని గన్నియ్య కుర్చీలో కూలబడి గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు.

కాసేపయ్యాక పల్లాలమ్మ అడిగింది. "అయిందా?"

"అయిందిగానీ, మామూలుగా ఆలోచించానమ్మా. బాగా ఆలోచించుకోమన్నారు కదా? మళ్ళీ మొదట్నుంచీ ఆలోచిస్తున్నా."

"నాకు తేలిపోయిందన్నయ్యా" అన్నాడు నూకరాజు. "దిగకూడదు. దిగితే మళ్ళీ ఎక్కాలి. ఎలాగూ ఎక్కేపని ఉన్నప్పుడు దిగడం ఎందుకు?"

"ఒరేయ్, నా మనవరాలురా!" అని పల్లాలమ్మ గొల్లుమంది. ఇంకేముంది, ఆలోచన అక్కడితో ఆపి ముగ్గురూ మెట్ల దగ్గరికి నడిచారు.

అక్కడ కాపలా అతను ఉన్నాడు. మర్యాదస్తుడు. నవ్వుతూ, "ఎక్కడికండీ?" అన్నాడు.

ముగ్గురి గుండెలూ జారిపోయాయి. బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడిగితే వెళ్ళే పని అవుతుందా? వెనక్కి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నారు, కూర్చుని మంచినీళ్ళు తాగారు, మళ్ళీ వచ్చారు. అతను మళ్ళీ, "ఎక్కడికండీ?" అన్నాడు. మళ్ళీ కాళ్ళు, మళ్ళీ నీళ్ళు. పొట్టలు కుండలైపోయాయి.

చివరికి గన్నియ్య చేతులు జోడించాడు. "బాబ్బాబు, ఎక్కడికని మాత్రం అడక్కండి. మీకు పుణ్యముంటుంది."

"సరే, అడగను. ముగ్గురే కదా? వెళ్ళండి" అన్నాడతను.

"అమ్మో, ముగ్గురం!" అని నూకరాజు నెత్తి కొట్టుకున్నాడు. ముగ్గురు కలిసి బయల్దేరకూడదు. తప్పనిసరైతే నాలుగో మనిషికి బదులు ఒక రాయి పట్టుకెళ్ళాలి. ఓడలో రాయెక్కడ దొరుకుతుంది? వంటవాణ్ణి అడిగితే కళ్ళురిమాడు.

నూకరాజు మొహం వెలిగిపోయింది. "రేవులో బోలెడు రాళ్ళు. నేను దిగి ఓ రాయి పట్టుకొస్తాను. అప్పుడు ముగ్గురం కలిసి దిగుదాం!"

"నీ తెలివి చల్లగుండ!" అని తల్లి మెటికలు విరిచింది.

నూకరాజు మెట్లు దిగాడు. ఎదురుగా మాణిక్యం. "అన్నయ్యా! ఇదిగో నీ మేనకోడలు!" అని పిల్లను చాపింది. నూకరాజు గబుక్కున కళ్ళు మూసుకున్నాడు. "చూపించకు చెల్లీ, ఒట్టి చేతులు! అయినా నేనింకా దిగలేదు. రాయికోసం వచ్చాను."

"ఏం రాయి? అమ్మ ఏది?"

"రాయొస్తేగాని అమ్మ రాదు" అని, కళ్ళు మూసుకునే చేతులతో తడుముకుంటూ పోయాడు. చేతికి మంచి రాయి తగిలింది. లాగాడు. అది టీ కొట్టు బల్లకి విరిగిన కాలుకింద పెట్టిన రాయి. అంతే, బల్ల పడింది, బల్లమీది పెద్దమనుషులు పడ్డారు, పెద్దమనుషుల మీద టీ పడింది. తిట్లు వెంటబడుతుంటే నూకరాజు రాయి గుండెకి హత్తుకుని మెట్లదాకా పరుగెత్తాడు.

"రాళ్ళూ రప్పలూ ఓడలోకి తేకూడదు" అన్నాడు కాపలా అతను.

ఎక్కుదామంటే రాయి వదలాలి. రాయి వదిలితే దాన్ని తెచ్చిన పని దండగ. నూకరాజు ఎటూ తేలక కింద నిలబడిపోయాడు.

"పోన్లేమ్మా, వాడూ రాయీ కిందే ఉన్నారు. పైన ఉన్నది మనిద్దరమే. ఇద్దరికి దోషం లేదు, పద" అన్నాడు గన్నియ్య. ఆ మాట అంటూనే తుమ్మాడు. ఒక్క తుమ్ము!

పల్లాలమ్మ ఉన్నచోటే కూలబడింది. "రెండోది తుమ్మరా నా తండ్రీ! రెండోది తుమ్మితే దోషం పోతుంది!"

"రావట్లేదమ్మా" అని గన్నియ్య ముక్కు ఎగరేసి సూర్యుణ్ణి చూశాడు, తల్లి కొంగుపోగు ముక్కులో దూర్చుకున్నాడు, మిరియాలు అడిగాడు. ముక్కు ఎర్రబడిందేగాని తుమ్ము రాలేదు. టైము అయిపోవస్తోంది. పల్లాలమ్మ నిజంగానే ఏడుస్తోంది. ఇంత దూరం సముద్రం దాటొచ్చి ఈ పది మెట్లు దాటలేకపోతోంది.

కింద మాణిక్యానికి ఓపిక నశించింది. కాపలా అతన్ని బతిమాలింది. "ఒక్క నిమిషం బాబూ, మా అమ్మకి బిడ్డను చూపించి దిగిపోతాను." అతనికి ఈపాటికి అంతా అర్థమైంది. ఆ తల్లిని చూసి జాలేసింది. "వెళ్ళు తల్లీ" అన్నాడు.

మాణిక్యం పైకొచ్చి పిల్లను తల్లి ఒళ్ళో పెట్టింది. పల్లాలమ్మ గట్టిగా కళ్ళు మూసుకుని, ముందు కొంగు ముడి విప్పింది, గజ్జెలు చేతబట్టుకుంది, అప్పుడు కళ్ళు తెరిచింది. పిల్ల బోసినోటితో ఆవులించింది. "అచ్చం నాలాగే ఉందే! పళ్ళే లేవు" అని నవ్వింది, ఏడ్చింది. ఆ చిట్టి పాదాలకి గజ్జెలు తొడిగింది. మాణిక్యం కూడా కళ్ళు తుడుచుకుంది.

బూఁ... అని సైరన్ మోగింది.

"అమ్మా, నేను దిగిపోవాలి" అని మాణిక్యం లేచింది.

"ఆడపిల్లని ఒంటరిగా పంపిస్తామా? సాగనంపాలి!" అంది పల్లాలమ్మ. కూతురికి బొట్టు పెట్టి, పిల్లను తనే ఎత్తుకుని, మెట్లు దిగడం మొదలెట్టింది. చెల్లెలి చేతిసంచీ మోస్తూ గన్నియ్య వెనకే దిగాడు. ఈసారి ఆలోచనా లేదు, తుమ్మూ లేదు. "అమ్మా, దిగకండి, టైమైపోయింది!" అని కాపలా అతను అరుస్తూనే ఉన్నాడు.

"మేము దిగడం లేదు బాబూ, మా అమ్మాయిని సాగనంపుతున్నాం!" అంది పల్లాలమ్మ మెట్లు దిగుతూనే.

కింద నూకరాజుకి సైరన్ వినబడింది. సైరన్ మోగగానే ఓడలో ఉండాలన్నారు కదా! రాయి పారేశాడు. ఎదురుగా పసిబిడ్డ వస్తోంది, తన చేతులు ఖాళీ. ఇంకేముంది, కళ్ళు గట్టిగా మూసుకుని, తల్లినీ అన్ననీ రాసుకుంటూ పైకి పరుగెత్తాడు. మెట్లు లాగేశారు. ఓడ కదిలింది.

కళ్ళు తెరిచి చూస్తే నూకరాజు ఓడలో, మిగతావాళ్ళంతా రేవులో.

"చూశావా అమ్మా, ఎంత మంచిపనైందో! మనవాడొకడు ఓడలో ఉన్నాడు. ఇక మన సామానుకి ఢోకా లేదు" అన్నాడు గన్నియ్య.

మాణిక్యం తల పట్టుకుంది. పల్లాలమ్మ మాత్రం పిల్ల బుగ్గకి బుగ్గ ఆనించి, ఇంత నోరు చేసుకుని అరిచింది. "ఒరే నూకరాజూ! ఓడ ఎటూ పోకుండా గట్టిగా కట్టేయరా! పిల్లదాన్ని ఇంకాసేపు ఎత్తుకుని వస్తాను!"

తల్లి చెప్పింది చెప్పినట్టు చేసే కొడుకు. చుట్టూ చూశాడు. డెక్కు మీద లావుపాటి మోకు చుట్టచుట్టి ఉంది. దాని ఒక కొస ఓడకి ఈపక్క కమ్మీకి ముడేశాడు. రెండో కొస లాక్కెళ్ళి ఓడకి ఆపక్క కమ్మీకి ముడేశాడు. కాలితో తన్నిపట్టి రెండు ముడులూ బిగించాడు. నుదుటి చెమట తుడుచుకుని, దూరంగా చుక్కలా కనబడుతున్న రేవు వైపు చెయ్యూపాడు.

"కట్టేశానమ్మా! ఇంక ఎక్కడికీ పోదు, నింపాదిగా రండి!"