పేర్ల గుట్ట మీద రాతి అడుగు

పూర్వం, ఏడాదిలో సగం కాలం చలి వదలని స్కాట్లాండు దేశంలో, ఆర్నక్ అనే లోయకు మెల్దాన్ అనే మహాముని చిన్న తోలుపడవలో ఒంటరిగా వచ్చి, అక్కడి గుట్టనెక్కి తొలి అడుగు మోపగానే నల్లరాయి వెన్నముద్దలా మెత్తబడి ఆయన పాదం లోతుగా అచ్చుపడింది. దేశంలోని పెద్దలందరూ ఆయనకు మొక్కి, తమను ఏలే రాజును ఎంచుకొనే విధానం అనుగ్రహించమని ప్రార్థించారు. ఈ నేలను ఏలదలచినవాడు పాదరక్షలు విడిచి ఈ రాతి అడుగులో కాలుపెట్టి నిలబడాలని, ముందు తన పూర్వుల పేర్లను, ఆపైన తనకు ఈ నేలను అప్పగిస్తున్న ప్రజల పేర్లను, బతికున్నవారివీ పోయినవారివీ కూడా, ఆసాంతం వినాలని, వినకుండా కాలు తీసినవాడు రాజు కాడని ఆ మహానుభావుడు ఆజ్ఞాపించాడు. ఆ పేర్లు పలికే హక్కును ఒక వంశానికి ప్రసాదించి, చివరి మంగళవాక్యం పలికేదాకా గుట్టమీద ఎవరూ కత్తి దూయరాదని, పలికేవారి నోటికి ఎవరూ అడ్డుపడరాదని కట్టడి చేశాడు.

అయితే ఆ రాతి అడుగులో ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉండేవి. ఆ దేశపు నీళ్ళంటే మన వేసవిలో కూజా నీళ్ళు కావు, వేలు ముంచితే ఎముక జివ్వుమంటుంది. రాజుల పాదాలేమో సుకుమారమైనవి. అందుచేత ప్రజల పేర్లు తరతరానికీ తరిగిపోయి, కడకు 'తక్కినవారందరూ' అనే ఒక్క మాటగా మిగిలాయి. రాజుగారి ముత్తాతల పేర్లు మాత్రం ఒక్కటీ తగ్గలేదు.

ఇలా ఉండగా ఒక రాజు సంతానం లేకుండా గతించాడు. ఆయన పినతండ్రి కుమారుడైన కోల్‌బన్, పెదతండ్రి కూతురికి కుమారుడైన ఫార్కర్, ఇద్దరూ సింహాసనం నాదంటే నాదన్నారు. ఇద్దరి వాదాల్లోనూ న్యాయం ఉంది. అన్యాయమంతా వారి సైన్యాలు చూసుకొనేవి. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరిగినట్టు ఊళ్ళు నాశనమయ్యాయి. శత్రువులు తరుముకొస్తున్న వేళ కోల్‌బన్ హడావుడిగా రాతి అడుగులో కాలుపెట్టి, సగం పేర్లే విని పట్టం కట్టుకున్నాడు. ఆ పట్టాభిషేకం చెల్లదని దొరల సభలో గొంతు చించుకొని వాదించి గెలిచినవాడు ఫార్కరే. కోల్‌బన్ పారిపోతూ దారిలో ఆర్నక్ లోయవారి ఇళ్ళలో తలదాచుకొని, తరువాత పరదేశంలో మరణించాడు. ఆశ్రయమిచ్చిన పాపానికి ఫార్కర్ ఆ లోయలోని ఆడవాళ్ళనూ పిల్లలనూ ముసలివాళ్ళనూ ప్రార్థన మందిరంలో పెట్టి తలుపులు బిగించి నిప్పంటించాడు. అంతటితో ఊరుకోక, అక్కడ చచ్చినవారి పేరెత్తినవాడి నాలుక కోయిస్తానని చాటింపు వేయించాడు.

ఆ కాలంలో పేర్లు పలికే హక్కు బేతోక్ అనే స్త్రీది. తండ్రికి మగసంతానం లేక, పలకడం మానేసిన ప్రజల పేర్లతో సహా ఆ విద్య ఆమెకు వచ్చింది. మాట పెళుసు, మనిషి మొండి, ఇరుగుపొరుగుతో ఆమెకు పొత్తు కుదిరిన రోజు లేదు. ఆమెకున్న ఒక్కగానొక్క చెల్లెలు ఫినోలా ఆ మందిరంలోనే కాలిపోయింది. చాటింపు తరువాత బేతోక్ ఏటి ఒడ్డుకు వెళ్ళి, నీళ్ళ హోరులోనైనా ఒకసారి చెల్లెలి పేరు పిలుద్దామని నోరు తెరిచి, భయంతో మింగేసి ఇంటికి వచ్చేది. తన మీద తనకే అసహ్యం వేసేది. పేర్లు పలకడానికే పుట్టిన నోరు సొంత చెల్లెలి పేరు పలకలేకపోవడం కన్నా హీనం ఏముంటుందని కుమిలిపోయేది.

చలికాలంలో ఫార్కర్ పట్టాభిషేకానికి ముహూర్తం నిశ్చయమైంది. కోల్‌బన్‌కు జరిగింది తనకు జరగరాదని అతడు దొరలందరినీ, మతగురువులనూ గుట్టమీద సమావేశపరచి, చుట్టూ చేరిన ప్రజలు చూస్తుండగా వారి ఎదుటనే బేతోక్‌ను పిలిచాడు.

"ఏమమ్మా, ముని చెప్పిన పద్ధతి మొత్తం జరగాలి. ఒక్క పేరు తగ్గినా నేను ఒప్పుకోను."

"ఒక్క పేరు కూడానా దొరా?"

"ఒక్కటి కూడా. రేపు నా పట్టానికి ఏ వెధవా వంక పెట్టకూడదు."

"తమరి మాటే నా మాట. అందరూ విన్నారు గదా" అని బేతోక్ దొరలవైపు తిరిగి తల వంచింది. తాను తీసుకున్న గొయ్యి ఎంత లోతో ఫార్కర్‌కు అప్పటికి తెలియదు.

అతడు పాదరక్ష విడిచి నీటిలో కాలుపెట్టాడు. పూర్వుల పేర్లు వినబడుతున్నంతసేపు అతడి మీసం నవ్వుతూనే ఉంది. అవి ముగిశాక, రివాజు ప్రకారం 'తక్కినవారందరూ' అని వినబడుతుందనుకొని అతడు మడమ ఎత్తబోయాడు. బేతోక్ ఆ మాట అనలేదు. సముద్రపు ఒడ్డున వలలు వేసే కుటుంబాలతో మొదలుపెట్టి, ఇల్లిల్లూ గడపగడపా పేర్లు పలకసాగింది. దొరలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫార్కర్ పెదవులు నీలమైనా కాలు కదపలేదు. దుర్మార్గుడే గాని పిరికివాడు కాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

పేర్ల వరస కొండ ఊళ్ళు దాటి ఆర్నక్ లోయ ఇళ్ళకు వచ్చింది. కాలిపోయినవారి మొదటి పేరు పలికేసరికి ఫార్కర్ సేనాపతి కత్తిపిడి మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్యి నాయనా, పఠనం జరుగుతోంది" అన్నాడు ముసలి మతగురువు.

బేతోక్ ఇంటింటి పేర్లూ పలికి, చివరకు గుండెల నిండా గాలి పీల్చుకొని, "ఫినోలా! నా చెల్లెలు ఫినోలా!" అని ఏటి ఆవలి కొండకు వినబడేలా పిలిచింది. ఆమె కళ్ళవెంట నీళ్ళు కారాయి. అవి సంతోషంతో కారిన నీళ్ళే. ఆ క్షణాన రాతి అడుగులోని నీరు పొగలు కక్కి, కుతకుత ఉడికింది. అంత చలినీ ఓర్చుకున్న ఫార్కర్ ఆ వేడికి కెవ్వుమని అరిచి, కాలుకాలిన పిల్లిలా ఎగిరి బయటపడ్డాడు.

బేతోక్ చెంగుతో మొహం తుడుచుకొని, "ఇంకా ఉన్నాయి దొరా. కాలు పెట్టండి" అంది.

అతడు పెట్టలేదు. "నీ మంగళవాక్యం కానీ, అప్పుడు చెబుతా నీ సంగతి" అని పళ్ళు కొరికాడు.

బేతోక్‌కు అంతా అర్థమైంది. ఆ ఒక్క వాక్యం వెలువడిన మరుక్షణం తన తల నేలమీద ఉంటుంది. అప్పుడామె ప్రజలవైపు తిరిగి, "నాకు తెలిసినవాళ్ళ పేర్లు నేను చెప్పాను. మీ ఇళ్ళల్లో పోయినవాళ్ళు మీకు తెలుసు. అందుకోండి. మంగళవాక్యం మాత్రం నేను పలకను, నా తరువాత ఎవరూ పలకరాదు" అని ఎలుగెత్తి చెప్పింది. ముందుగా జాలరి ఒకడు తన తల్లి పేరు పలికాడు. తరువాత ఒక పడుచు తన పెనిమిటి పేరు పలికింది. ఆ తరువాత ఫార్కర్ సైనికుడే ఒకడు, తాను తలుపు బిగించిన మందిరంలో తన మేనత్త ఉందని అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేనివాడు, బల్లెం నేలమీద పెట్టి ఆమె పేరు పిలిచాడు. పఠనం ముగియలేదు గనుక కత్తి లేవలేదు. ఫార్కర్ ఒక చెప్పు చేతపట్టుకొని కుంటుతూ గుట్ట దిగాడు. అతడు గాని, అతడి వంశంలో మరి ఎవరు గాని రాజు కాలేదు.

నాటినుండి అది పేర్ల గుట్ట అయింది. నేటికీ లోయలో ఏరు గడ్డకట్టినా రాతి అడుగులో నీరు గడ్డకట్టదు. కింద వేడినీటి ఊట ఉందని చదువుకున్నవారు అంటారు, ఉంటే ఉండనీయండి. ఏటా చలికాలంలో భక్తులు వట్టికాళ్ళతో ఎక్కి, తమవారి పేర్లు బిగ్గరగా పలికి, మంగళవాక్యం పలకకుండానే దిగుతారు. ఆ గుట్టమీదికి ఆయుధం తీసుకుపోయినవాడు లేడు. ఎన్నికల కాలంలో నాయకులు ఆ లోయకు వచ్చి ఇల్లిల్లూ తిరుగుతారు, అందరి చేతులూ పట్టుకుంటారు, గుట్ట మాత్రం ఎక్కరు. ఎక్కమని ఊరివాళ్ళు ప్రతిసారీ పిలుస్తూనే ఉంటారు.