మోగని మూడు మెట్లు

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి. నాకు చెప్పిన మా అమ్మమ్మకే తెలీదు. చెప్పీ చెప్పీ నాకూ ఓపిక అయిపోయింది, అయినా వినండి.

సముద్రం ఒడ్డున ఒక చర్చి. అందులో ఓడ మీద వచ్చిన పియానో. దాన్ని చూసుకునేవాడు ఏసోబు. చర్చి ఊడ్చేవాడే. దాన్ని తెప్పించిన దొరసాని తన దేశం వెళ్ళిపోతూ అతనికి పని నేర్పి, తీగలు బిగించే ఇనప పిడి అతని చేతిలో పెట్టింది.

ఉప్పుగాలి కదా, తీగలు నిలవవు. వానలకి ముందోసారి, వానలు వెలిశాక ఓసారి, చలి ముదిరాక ఓసారి ఏసోబు పియానో ముందు కూర్చునేవాడు. నొక్కడం, వినడం, కాస్త బిగించడం. నొక్కడం, వినడం, కాస్త బిగించడం. రెండువందల పైచిలుకు తీగలు. నడుం పడిపోయేది పాపం. భార్య సారమ్మ గంజి తెచ్చి, పని అయ్యేదాకా పక్కనే కూర్చునేది.

"బాగానే మోగుతోంది కదా, ఎందుకయ్యా దాన్ని గెలుకుతావు?" అనేవాడు సంఘపెద్ద మత్తయ్య.

"బాగా మోగుతున్నప్పుడే చూడాలండి. నాకిక ఓపిక లేదు. ఎవరినైనా ఒకరిని నా పక్కన కూర్చోబెట్టండి, నేర్పుతాను."

మొదటేడు వలల పనన్నారు. రెండో ఏడు పెళ్ళిళ్ళన్నారు. మూడో ఏడు చూద్దాంలే అన్నారు. వాళ్ళు చూడకముందే ఏసోబు పోయాడు.

రెండు వానాకాలాలు గడిచాయి. క్రిస్మస్ ముందు పియానో కీచుమంది. మత్తయ్య అన్నీ తెలిసినవాడిలా, బండి ఇరుసుకి పోసినట్టు దాన్నిండా ఆముదం పోయించాడు. పండగనాడు ఏ మెట్టు నొక్కినా మూలుగే. జనం పాడలేక తలలు దించుకున్నారు.

సారమ్మ లేచి కొంగు నడుముకి దోపింది. "ఆ పిడి ఇలా ఇవ్వండి" అంది.

"నీకేం తెలుసమ్మా?" అన్నాడు మత్తయ్య.

"పక్కన కూర్చోమని మిమ్మల్ని మూడేళ్ళు అడిగాడు. మీరెవరూ కూర్చోలేదు. నేను ముప్పయ్యేళ్ళు కూర్చున్నాను."

నూనె తుడవడానికే మూడు నెలలు పట్టింది. ఆ తరవాత నొక్కడం, వినడం, కాస్త బిగించడం. మూడు మెట్లు తప్ప అన్నీ పలికాయి. ఆ మూడింటి తీగలు అప్పటికే తుప్పుకి తెగిపోయాయి. ఏసోబు అడిగిన ఒక్కో ఏడాదికీ ఒకటి చొప్పున పోయాయనేది మా అమ్మమ్మ.

ఇప్పటికీ అక్కడ వానలకి ముందు ఇద్దరు కూర్చుంటారు. ఒకరు బిగిస్తారు, ఒకరు గంజి ముంత దగ్గర పెట్టుకుని వింటారు. మోగని మూడింటినీ ఏసోబు మెట్లంటారు. "బాగానే ఉందిగా, వచ్చే ఏడు చూద్దాంలే" అని ఎవరైనా అంటే, ఏసోబు మెట్టు ఒకటి నొక్కి, వినమంటారు.