తినకుండానే తినేసిన ఉగ్గాని

జూన్ ఇరవైరెండో తారీకు, ఆదివారం సాయంత్రం, నీలవేణికి అన్యాయం జరిగింది. చేసినవాడు కౌండిన్య.

కర్నూల్లో మిక్సీలు బాగుచేసే కొట్టు మీది గదిలో ప్రతి ఆదివారం ఒక ఆట సాగుతుంది. బల్ల మీద పాచికలుంటాయి. అంతరిక్ష నౌక, నక్షత్రాలు, దారికాచే దొంగలు, అన్నీ నోటి మాటే. ఒకరు కథ నడుపుతారు, తక్కినవాళ్లు అందులో మనుషులవుతారు. తన మనిషి ఏం చేస్తాడో ఎవరికి వాళ్లే చెప్పాలి. అయ్యిందో లేదో పాచిక తేలుస్తుంది.

నీలవేణి నౌకకి కెప్టెన్. దొంగలు అడ్డొస్తే "మాట్లాడతాను" అంది. కథ నడిపే కౌండిన్య వారమంతా కూర్చుని యుద్ధం రాసుకొచ్చాడు మరి! తను రాసిందాని మీద వాడికున్న మమకారం కన్నతల్లికి కూడా ఉండదు.

"లేదు, నీకు కోపమొచ్చింది. పేల్చేశావు," అని ఆమె పాచిక తనే విసిరేశాడు.

"అయితే నా కుర్చీలో కూడా నువ్వే కూర్చో," అని ఆమె లేచి వెళ్లిపోయింది. వెనకాలే తక్కిన ముగ్గురూ.

శనివారం పొద్దున్నే వాడు జుబేదా టీచర్ ఇంటికి పరిగెత్తాడు. వాడికి ఆట నేర్పిన గురువు ఆవిడే.

"అంత మంచి కథ టీచర్! వీళ్లకి వినడం చేతకాదు. రేపు రాకపోతే ఆట మూతబడినట్టే. వీళ్లని కథలో ఎట్లా కట్టెయ్యాలి?"

"తిన్నావా?"

"లేదు టీచర్."

ఆవిడ బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తెచ్చి ముందు పెట్టింది. వాడు చెయ్యి చాపాడు. ప్లేటు తనవైపు లాక్కుంది.

"బజ్జీ కొరికావు. మంటెక్కింది," అంటూ ఆ బజ్జీ తనే కొరికింది.

"నేనింకా ముట్టుకోలేదు!"

"'ఏం రుచి టీచర్!' అన్నావు."

"నేననలేదు!"

"నేను రాసుకున్నదాంట్లో అన్నావబ్బా." రెండో బజ్జీ కూడా అయింది. ఉగ్గాని కూడా అయింది. "కడుపు నిండింది. త్రేన్చావు. ఇంక పో."

వాకిట్లో చెప్పులేసుకుంటుంటే వాడి కడుపు గుర్రుమంది. అక్కడే నిలబడి పగలబడి నవ్వాడు. ఇంటికి పోలేదు, నేరుగా నీలవేణి గుమ్మం ముందు తేలాడు.

మర్నాడు ఆమె వచ్చింది, చేతులు కట్టుకుని. తక్కినవాళ్లూ వచ్చారు.

"దొంగల నౌక అడ్డొచ్చింది. వాళ్ల నాయకుడు తెర మీద కనిపించాడు..."

యుద్ధం నోటిదాకా వచ్చింది. గుటక వేసి మింగాడు.

"కెప్టెన్, ఏం చేస్తావు?"

నీలవేణి కట్టుకున్న చేతులు విప్పింది. "పేరేంటని అడుగుతాను."

వారం రోజులు రాసిన మనిషి, దొంగకి పేరు పెట్టలేదు! తల గోక్కున్నాడు.

"ఓ... ఓబులేసు."

బల్ల బల్లంతా ఘొల్లున నవ్వింది.

"ఏం ఓబులేసూ, నీ నౌకకేమొచ్చిందయ్యా, ఇట్లా దారికడ్డంగా ఆపావు?" అని నీలవేణి పాచిక అందుకుంది.

ఆట ముగిశాక నౌక దినచర్య పుస్తకంలో కెప్టెన్ తన చేత్తో ఒక్క ముక్క రాసింది:

"క్రీ.శ. 2391, ఆషాఢ శుద్ధ తదియ. యుద్ధం జరగలేదు."